ఆస్తమా పిల్లలకు శ్వాస కండరాల ట్రైనింగ్: ఆయాసం తగ్గితే జబ్బు తగ్గినట్టేనా?

అరచేతిలో పట్టే చిన్న ప్లాస్టిక్ పరికరం. ఒక చివర నోట్లో పెట్టుకునే మౌత్‌పీస్, లోపల స్ప్రింగ్, దానికి ఒక వాల్వ్. మామూలుగా గాలి పీలిస్తే వాల్వ్ కదలదు. బలంగా పీలిస్తేనే తెరుచుకుంటుంది. ఇలా ఉదయం ముప్పైసార్లు, సాయంత్రం ముప్పైసార్లు కొన్ని వారాలపాటు పీలిస్తే ఊపిరి తీసే కండరాలు బలపడతాయి. దీన్ని శ్వాస కండరాల ట్రైనింగ్ అంటారు. క్రీడాకారులు ఎప్పటినుంచో వాడుతున్న ఈ పద్ధతి ఇప్పుడు ఆస్తమా ఉన్న పిల్లలు, టీనేజర్ల దాకా వచ్చింది. కొన్ని ఫిజియోథెరపీ సెంటర్లు చేయిస్తున్నాయి, ఆన్‌లైన్‌లోనూ పరికరాలు దొరుకుతున్నాయి.

తల్లిదండ్రులను దీనివైపు లాగేది ఒక్క మాట: ఇందులో మందు లేదు. బిడ్డకు ఏళ్ల తరబడి ఇన్‌హేలర్ వాడాలంటే భయపడే ఇళ్లలో, స్టెరాయిడ్ పేరు వింటేనే వెనక్కి తగ్గే ఇళ్లలో, మందు లేని వైద్యం అంటే సహజంగానే ఆశ పుడుతుంది. ఆ ఆశలో నిజం లేకపోలేదు. అయితే అది సగం నిజమే. ఈ ట్రైనింగ్ వల్ల కండరానికి బలం వస్తుంది, ఆయాసం తక్కువగా అనిపిస్తుంది. ఊపిరి గొట్టాల్లో ఉన్న వాపు మాత్రం అలాగే ఉంటుంది. ఈ తేడా తెలియకపోతే పిల్లలకు మేలు చేయాల్సిన పరికరమే కీడు చేసే ప్రమాదం ఉంది.

ఊపిరి లాగేది ఎవరు?

ఊపిరితిత్తులు తమంతట తాము ఉబ్బలేవు. వాటిని ఉబ్బించేవి బయటి కండరాలు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులా ఉండే డయాఫ్రమ్. బడి పుస్తకాల్లో దీన్నే ఉదరవితానం అంటారు. దానికి తోడు పక్కటెముకల మధ్య కండరాలు, బాగా ఆయాసం వచ్చినప్పుడు మెడ కండరాలు కూడా పనిచేస్తాయి. డయాఫ్రమ్ కిందికి దిగితే ఛాతీ లోపల జాగా పెరుగుతుంది, గాలి లోపలికి వస్తుంది.

ఆస్తమాలో ఇబ్బంది మొదలయ్యేది ఈ కండరాల్లో కాదు, ఊపిరి గొట్టాల్లో. గొట్టాల లోపలి పొర వాస్తుంది, తెమడ పేరుకుంటుంది, గొట్టాల చుట్టూ ఉండే సన్నటి కండరం బిగుసుకుంటుంది. గాలి లోపలికి వెళ్లడం కన్నా బయటికి రావడం ఎక్కువ కష్టమవుతుంది. పిల్లికూతలు అందుకే వినిపిస్తాయి. పూర్తిగా బయటికి రాని గాలి లోపలే చిక్కుకుపోయి ఛాతీ ఉబ్బిపోతుంది. గొడుగులా వంపు తిరిగి ఉండాల్సిన డయాఫ్రమ్ చదునవుతుంది. ముందే కురచబడిన కండరానికి లాగే పట్టు ఏముంటుంది? మోచేతిని పూర్తిగా ముడిచాక బరువు ఎత్తమంటే చెయ్యి ఎంత ఇబ్బంది పడుతుందో ఇదీ అంతే.

దీనికి ఇంకో రెండు కారణాలు తోడవుతాయి. ఆయాసం వస్తుందన్న భయంతో ఆస్తమా పిల్లలు ఆటలకు దూరంగా ఉంటారు, ఒళ్లు కదలకపోతే కండరాలు బలహీనపడతాయి. పదేపదే దాడులు వచ్చి స్టెరాయిడ్ మాత్రలు మళ్లీమళ్లీ వేసుకోవాల్సి వస్తే ఆ మాత్రలు కూడా కండరాలను దెబ్బతీయవచ్చు. అందువల్ల శ్వాస కండరాలకు బలం ఇవ్వాలన్న ఆలోచన తప్పేమీ కాదు. వైద్యశాస్త్రం ఒప్పుకునే ఆలోచనే.

కానీ ఇక్కడ ఉన్నవి రెండు వేర్వేరు కండరాలు. డయాఫ్రమ్ మన ఇష్టంతో పనిచేయించగల కండరం, చేతి కండరంలాగే వ్యాయామంతో బలపడుతుంది. ఊపిరి గొట్టాల చుట్టూ ఉండే కండరం మన మాట వినదు, వ్యాయామంతో దారికి రాదు. హైదరాబాద్ పాతబస్తీ గల్లీల్లో నల్లాకి మోటార్ పెట్టే ఇళ్లవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పైపు లోపల పాచి పట్టి సన్నబడితే పెద్ద మోటార్ పెట్టొచ్చు. నీళ్లు కాస్త ఎక్కువే రావచ్చు. పైపులో పాచి మాత్రం అలాగే ఉంటుంది. శ్వాస కండరాల ట్రైనింగ్ మోటార్‌ని పెద్దది చేస్తుంది. పైపుని బాగుచేసేది రోజూ వాడే నివారణ ఇన్‌హేలర్.

పరిశోధనలు తేల్చింది ఎంత?

ఈ విషయంలో తొలినాటి ముఖ్యమైన పరిశోధన 1992లో ఛెస్ట్ పత్రికలో వచ్చింది. ఇజ్రాయెల్‌కు చెందిన పాల్తియెల్ వైనర్ బృందం 30 మంది ఆస్తమా రోగులను రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు ఆరు నెలలు ట్రైనింగ్ ఇచ్చింది. వాళ్లలో కండరాల బలం పెరిగింది, ఆస్తమా లక్షణాలు, ఆస్పత్రి పాలవడం తగ్గాయి. ఫలితం బాగానే ఉన్నా పాల్గొన్నవాళ్లు చాలా కొద్దిమంది.

వైద్య పరిశోధనలన్నిటినీ ఒకచోట చేర్చి తూకం వేసే కాక్రేన్ సంస్థ 2013లో ఈ అంశాన్ని సమీక్షించింది. అప్పటికి లెక్కలోకి తీసుకోదగ్గ పరిశోధనలు ఐదే దొరికాయి. అన్నీ కలిపితే పాల్గొన్నవాళ్లు 113 మంది, అందరూ పెద్దవాళ్లే. ఐదింటిలో మూడు ఒకే బృందం చేసినవి. గాలి పీల్చే బలం పెరిగిందని తేలింది. దాడులు తగ్గుతాయా, మందుల అవసరం తగ్గుతుందా అన్నదానికి మాత్రం పనికొస్తుందనీ చెప్పలేం, పనికిరాదనీ చెప్పలేం అని సమీక్ష ముగిసింది.

పిల్లల మీద పరిశోధనలు ఇంకా తక్కువ. 2008లో బ్రెజిల్‌లో 50 మంది ఆస్తమా పిల్లలపై జరిగిన పరిశోధన తరచూ ప్రస్తావనకు వస్తుంది. ట్రైనింగ్ పొందిన పిల్లల్లో గాలి పీల్చే బలం రెట్టింపు దాటింది, ఊది కొలిచే పీక్ ఫ్లో కూడా పెరిగింది. కానీ ఆ పిల్లలకు పరికరంతో పాటు శ్వాస వ్యాయామాలు కూడా నేర్పారు. మేలు దేనివల్ల ఎంత జరిగిందో విడదీసి చెప్పడం కష్టం. ఆ తర్వాత సౌదీ అరేబియా, ఈజిప్ట్ పరిశోధకులు కూడా పిల్లలపై, టీనేజర్లపై అధ్యయనాలు చేశారు. చాలావరకు కనిపించేది ఒకటే: బలం పెరుగుతుంది, కొందరిలో లక్షణాలు తేలికపడతాయి. వేలమంది పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన పరిశోధన అంటూ లేదు.

పరికరం లేకుండా చేసే శ్వాస వ్యాయామాల సంగతి కూడా దాదాపు ఇంతే. బ్రిటన్‌లో 655 మంది పెద్దవాళ్లపై జరిగి 2018లో వెలువడిన పరిశోధనలో శ్వాస వ్యాయామాలు నేర్చుకున్నవాళ్ల రోజువారీ జీవితం మెరుగుపడింది. ఊపిరితిత్తుల పనితీరు మాత్రం మారలేదు. పిల్లల విషయంలో 2016 నాటి కాక్రేన్ సమీక్షకు దొరికినవి మూడు పరిశోధనలు, 112 మంది పిల్లలు. వాటితో ఏ నిర్ణయానికీ రాలేమని సమీక్షకులు చెప్పారు. ఆస్తమా చికిత్సకు ప్రపంచమంతా ప్రమాణంగా తీసుకునే గీనా మార్గదర్శకాలు కూడా శ్వాస వ్యాయామాలను మందులకు తోడుగా మాత్రమే చూస్తాయి. లక్షణాలు, జీవన నాణ్యత మెరుగుపడొచ్చు కానీ దాడుల ముప్పు తగ్గదని చెబుతాయి.

ఆయాసం తెలియకపోవడమూ ప్రమాదమే

అసలు ఆలోచించాల్సిన విషయం ఇక్కడుంది. వైనర్ బృందమే 2002లో ఇంకో పరిశోధన ప్రచురించింది. ఒకే స్థాయి ఆస్తమా ఉన్న ఆడవాళ్లకు మగవాళ్ల కన్నా ఎక్కువ ఆయాసం అనిపిస్తోందని, వాళ్లు రిలీవర్ మందు ఎక్కువ వాడుతున్నారని, వాళ్ల శ్వాస కండరాల బలం తక్కువగా ఉందని గమనించింది. ట్రైనింగ్‌తో ఆడవాళ్ల కండర బలం మగవాళ్లతో సమానమయ్యేసరికి ఆయాసం అనిపించడం, రిలీవర్ వాడకం రెండూ తగ్గాయి.

టీనేజ్ అమ్మాయిలున్న ఇళ్లకు ఇది మంచి వార్తే. మెట్లు ఎక్కినా, బ్యాగు మోసుకుని నడిచినా ఆయాసపడే అమ్మాయికి కొంత ఊరట దొరకొచ్చు. అయితే ఇదే ఫలితాన్ని ఇంకోవైపు నుంచి కూడా చూడాలి. ఆయాసం అంటే ఒళ్లు ఇచ్చే హెచ్చరిక. గొట్టాలు మూసుకుపోతున్నాయని బిడ్డకు ముందుగా చెప్పేది అదే. గొట్టాల్లో వాపు అలాగే ఉండి, ఆయాసం మాత్రమే తక్కువగా అనిపిస్తే? బిడ్డ బాగుందనుకుని నివారణ ఇన్‌హేలర్ పక్కన పెట్టేస్తే?

ఇది ఉత్త ఊహ కాదు. ఆయాసాన్ని సరిగ్గా గుర్తించలేని, తరచూ తీవ్రమైన దాడులు వచ్చే ఆస్తమా రోగులు ఈ పరికరం వాడకూడదని తయారీదారుల సూచనల్లోనే ఉంటుంది. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం గతంలో జరిగినవాళ్లు, చెవి కర్ణభేరి పగిలినవాళ్లు, ఈమధ్య ఛాతీకి లేదా పొట్టకి ఆపరేషన్ అయినవాళ్లు కూడా డాక్టర్ అనుమతి లేకుండా వాడకూడదు. డబ్బా లోపల చిన్న అక్షరాల్లో ఉండే ఈ మాటలు ప్రకటనల్లో కనిపించవు.

అందుకే ట్రైనింగ్ మొదలుపెట్టే ఇంట్లో పీక్ ఫ్లో మీటర్ కూడా ఉండాలి. ఇది కొన్ని వందల రూపాయలకు దొరికే గొట్టం. బిడ్డ గట్టిగా ఒక్కసారి ఊదితే ముల్లు ఒక అంకె చూపిస్తుంది. బాగున్న రోజుల్లో వచ్చే గరిష్ఠ అంకెను రాసి పెట్టుకోవాలి. అందులో 80 శాతానికి పైన ఉంటే ఫర్వాలేదు. 50 నుంచి 80 మధ్య ఉంటే జాగ్రత్తపడి డాక్టర్ రాసిచ్చిన ప్లాన్ ప్రకారం నడుచుకోవాలి. 50 కన్నా తగ్గితే బిడ్డ నవ్వుతూ కనిపించినా ఆలస్యం చేయకూడదు. ఎలా అనిపిస్తోంది అన్న ప్రశ్నకు బిడ్డ చెప్పే జవాబు ఒక్కటే చాలదు.

మూడు బంతుల డబ్బా వేరు, ఇది వేరు

కరోనా కాలంలో చాలా ఇళ్లకు మూడు బంతుల స్పైరోమీటర్ వచ్చింది. గాలి పీలిస్తే బంతులు ఒకదాని తర్వాత ఒకటి పైకి లేస్తాయి. శ్వాస కండరాల ట్రైనింగ్ అనగానే చాలామంది అల్మారాలోంచి తీసేది ఆ డబ్బానే. అది చేసే పని వేరు. ఆపరేషన్ తర్వాతో, జబ్బుతో మంచం పట్టినప్పుడో ఊపిరితిత్తులు పూర్తిగా విచ్చుకునేలా లోతుగా ఊపిరి తీయించడానికి తయారైన పరికరం అది. అందులో కండరం మీద పడే భారం ఇంత అని ఉండదు, పీల్చే వేగాన్ని బట్టి మారిపోతుంది.

ట్రైనింగ్ పరికరంలో భారాన్ని అంకెతో నిర్ణయిస్తారు. ముందుగా బిడ్డ ఎంత బలంగా గాలి లాగగలదో మీటర్‌తో కొలుస్తారు. ఆ బలంలో సాధారణంగా 30 నుంచి 50 శాతం దగ్గర స్ప్రింగ్ బిగిస్తారు. ఉదాహరణకు బిడ్డ 60 సెంటీమీటర్ల నీటి పీడనం దాకా లాగగలిగితే, ట్రైనింగ్ 20 దగ్గర మొదలై మెల్లగా 30కి చేరుతుంది. బలం పెరిగేకొద్దీ మళ్లీ కొలిచి భారం మార్చాలి. ఆరు నుంచి పన్నెండు వారాలు క్రమం తప్పకుండా చేయాలి. మానేస్తే వచ్చిన బలం మెల్లగా తగ్గిపోతుంది, జిమ్ మానేసినవాళ్ల చేతుల్లాగే.

కొలత లేకుండా పరికరం అమ్మితే అది ట్రైనింగ్ కాదు, అంచనా. స్ప్రింగ్ మరీ వదులుగా ఉంటే రోజూ చేసినా లాభం లేదు. మరీ బిగుతుగా ఉంటే బిడ్డకు తల తిరుగుతుంది, ఛాతీ నొప్పి పుడుతుంది, రెండో రోజే డబ్బా మూలన పడుతుంది.

పెద్ద లోటు ఎక్కడుంది?

గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ 2019 అంచనాల ప్రకారం ప్రపంచంలోని ఆస్తమా భారంలో భారత్ వాటా దాదాపు 13 శాతం. ఆస్తమా మరణాల్లో మాత్రం దాదాపు 42 శాతం. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే అసలు సమస్య. జబ్బు ఇక్కడే ఎక్కువగా ఉండి ఇంతమంది చనిపోవడం లేదు. జబ్బుని గుర్తించకపోవడం, గుర్తించినా సరైన మందు అందకపోవడం, అందినా సరిగ్గా వాడకపోవడం ప్రధాన కారణాలు.

చాలా ఇళ్లలో ఇన్‌హేలర్ అంటే ఆయాసం వచ్చినప్పుడు కొట్టుకునే నీలం రంగు సాల్బుటమాల్ ఒక్కటే. అది బిగుసుకున్న గొట్టాన్ని కాసేపు వదులు చేస్తుంది, వాపుని తగ్గించదు. వాపుని తగ్గించేది బుడెసొనైడ్ వంటి నివారణ మందు. పన్నెండేళ్లు దాటినవాళ్లకు నీలం ఇన్‌హేలర్ ఒక్కటే ఇచ్చే పద్ధతిని గీనా మార్గదర్శకాలు 2019లోనే వద్దన్నాయి. అంతకన్నా చిన్నపిల్లలకు కూడా స్టెరాయిడ్ ఇన్‌హేలర్ తోడుగా ఉండాలన్నదే వాటి సూచన. బుడెసొనైడ్, బుడెసొనైడ్ ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్లు దేశ అత్యవసర మందుల జాబితా 2022లో ఉన్నాయి.

స్టెరాయిడ్ భయానికి కారణం లేకపోలేదు కానీ లెక్క తప్పుతోంది. ఇన్‌హేలర్‌తో పోయే మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, నేరుగా గొట్టాల దగ్గరికే వెళ్తుంది. మాత్రతో పోయే మోతాదు మిల్లీగ్రాముల్లో ఉంటుంది, ఒళ్లంతా తిరుగుతుంది. రోజూ ఇన్‌హేలర్ మానేసిన బిడ్డకు దాడి వస్తే చివరికి ఇవ్వాల్సింది ఆ మాత్రలో, ఇంజెక్షన్లో. స్టెరాయిడ్‌ని తప్పించుకోబోయి పెద్ద స్టెరాయిడ్‌లో పడటం అంటే ఇదే. నివారణ ఇన్‌హేలర్ వాడాక నోరు పుక్కిలించి ఉమ్మేస్తే నోటిపూత, గొంతు బొంగురు చాలావరకు రావు.

ఇక వాడే తీరు. స్పేసర్ లేకుండా నోట్లో కొడితే మందు చాలావరకు గొంతులోనే అంటుకుపోతుంది. స్పేసర్ అనేది కొన్ని వందల రూపాయల ప్లాస్టిక్ గొట్టం. వేల రూపాయల ట్రైనింగ్ పరికరం కొనడానికి సిద్ధపడే ఇంట్లో స్పేసర్ ఉందా, ఉంటే బిడ్డ దాన్ని ఎలా వాడుతోంది అన్నది ముందు చూసుకోవాలి.

దాచిపెడితే తగ్గే జబ్బు కాదు

ఆస్తమా గురించి ఇళ్లలో మాట్లాడుకునే తీరు కూడా చికిత్సకు అడ్డుపడుతోంది. అమ్మాయికి దమా ఉందని తెలిస్తే రేపు రిష్తాలు రావేమోనన్న భయంతో ఇన్‌హేలర్‌ని చుట్టాల ముందు దాచేస్తారు. కాలేజీలో స్నేహితుల ముందు తీయడానికి అమ్మాయే సిగ్గుపడుతుంది. మందు లేని పరికరం అయితే ఎవరికీ చెప్పుకోనక్కర్లేదన్న ఆలోచన ఇక్కడి నుంచే వస్తుంది. అబ్బాయిల విషయంలో దమా మాట ఎత్తకుండా, వయసొస్తే అదే పోతుందని వదిలేస్తారు. కొందరిలో యుక్తవయసు వచ్చేసరికి లక్షణాలు తగ్గే మాట నిజమే. అందరిలో తగ్గవు, తగ్గినవాళ్లలో కొందరికి తర్వాత తిరగబెడుతుంది.

ఒక్కసారితో వదిలిపోయే వైద్యం కోసం వెతకడం తెలుగువాళ్లకు కొత్త కాదు. ఏటా జూన్‌లో మృగశిర కార్తె నాడు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదం కోసం దేశం నలుమూలల నుంచి మతంతో పనిలేకుండా జనం వస్తారు. బతికున్న కొర్రమీను పిల్లలో పసుపు రంగు మందు పెట్టి మింగిస్తారు. ఒకప్పుడు చేప మందు అనేవారు, ఇప్పుడు ప్రసాదం అంటున్నారు. అది ఆస్తమాను తగ్గిస్తుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదని జన విజ్ఞాన వేదిక ఏళ్లుగా చెబుతోంది. శ్వాస కండరాల ట్రైనింగ్‌ని దానితో సమానం చేయడం సరికాదు, దీని వెనక శాస్త్రం ఉంది. అయితే ఇదొక్కటి చేస్తే ఇన్‌హేలర్ పోతుంది అన్న నమ్మకంతో కొంటే మాత్రం రెండిటికీ పెద్ద తేడా ఉండదు.

ఇంట్లో గాలి సంగతి కూడా చూసుకోవాలి. లోబాన్, ఊద్, అగర్‌బత్తి, దోమల కాయిల్, ఇంట్లోనే కాల్చే సిగరెట్, కిటికీ లేని వంటగది పొగ, చెమ్మ పట్టిన గోడల బూజు, ఇవన్నీ ఆస్తమాను రెచ్చగొట్టేవే. నిజామాబాద్, జగిత్యాల వైపు ఇళ్లలో చుట్టే బీడీల పొగాకు ధూళి కూడా అంతే. పొద్దున పరికరంతో ముప్పైసార్లు ఊపిరి పీల్చిన బిడ్డ సాయంత్రం లోబాన్ పొగలో కూర్చుంటే ఫలితం ఏముంటుంది?

రంజాన్‌లో, హాస్టల్‌లో

టీనేజ్ పిల్లలు రోజా పాటించే ఇళ్లలో ఏటా వచ్చే ప్రశ్న ఇన్‌హేలర్ గురించే. ఇన్‌హేలర్‌తో రోజా భంగమవుతుందని ఉపఖండంలోని చాలామంది హనఫీ ముఫ్తీలు చెబుతారు. కాదని షేఖ్ ఇబ్న్ బాజ్, షేఖ్ ఇబ్న్ ఉసైమీన్ వంటి సౌదీ పండితులు చెప్పారు. ఏ అభిప్రాయాన్ని పాటించినా చికిత్స ఆగాల్సిన పని లేదు. రెండు పూటలా వాడే నివారణ ఇన్‌హేలర్‌ని సెహ్రీకి, ఇఫ్తార్‌కి మార్చుకోవచ్చు. పగలు దాడి వస్తే వెంటనే మందు వాడాల్సిందే. జబ్బుపడినవాళ్లు ఆ రోజాను తర్వాత పూర్తి చేసుకునే వెసులుబాటు ఉండనే ఉంది. రంజాన్ వచ్చాక కాకుండా షాబాన్‌లోనే డాక్టర్‌తో ఒకసారి, నమ్మకమైన ఆలిమ్‌తో ఒకసారి మాట్లాడి పెట్టుకుంటే బిడ్డకు ఆందోళన ఉండదు.

హాస్టల్ పిల్లల సంగతి ఇంకో రకం. తెలంగాణలో 2016 నుంచి నడుస్తున్న మైనారిటీ గురుకులాలు ఇప్పుడు 200 దాటాయి. వేలాది పిల్లలు ఇంటికి దూరంగా ఉండి చదువుతున్నారు. ఇన్‌హేలర్ వార్డెన్ అల్మారాలో తాళం వేసి ఉంటే అర్ధరాత్రి దాడికి అది పనికిరాదు. రిలీవర్ ఇన్‌హేలర్, స్పేసర్ బిడ్డ దగ్గరే ఉండాలి. దాడి వస్తే ఏం చేయాలో డాక్టర్ రాసిన ఒక పేజీ ప్లాన్ వార్డెన్ దగ్గర, క్లాస్ టీచర్ దగ్గర ఉండాలి. తెలుగులోనో, ఉర్దూలోనో, వాళ్లకు చదవడం వచ్చిన భాషలో ఉండాలి.

ప్రభుత్వ బడుల్లో, ఎయిడెడ్ బడుల్లో చదివే పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. అందులో గుర్తించాల్సిన జబ్బుల జాబితాలో ఊపిరి గొట్టాలు బిగుసుకునే సమస్య కూడా ఉంది. చిన్న చిన్న ప్రైవేట్ ఇంగ్లిష్ మీడియం బడుల్లో, ఎయిడ్ లేని మదర్సాల్లో చదివే పిల్లలు ఈ పరీక్షల పరిధిలోకి రారు. ముస్లిం బస్తీల్లో అలాంటి పిల్లలు తక్కువేం కాదు. కేంద్రం 2023లో మార్చిన అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమంలో ఆస్తమాను చేర్చింది. ఆ చేర్పు కాగితం దాటాలంటే బస్తీ దవాఖానాలో నివారణ ఇన్‌హేలర్, స్పేసర్, పీక్ ఫ్లో మీటర్ ఉండాలి. వాడే తీరు చూపించడానికి ఒక నర్సుకు పది నిమిషాలు తీరిక ఉండాలి. ఖరీదైన పరికరాల గురించి అడిగే ముందు స్థానిక ప్రజాప్రతినిధులను, జమాత్ పెద్దలను ఈ మూడింటి గురించి అడగడం న్యాయం.

చేయించాలనుకుంటే ఏం అడగాలి?

బిడ్డ ఆస్తమా అదుపులో ఉండి, నివారణ ఇన్‌హేలర్ సరిగ్గా వాడుతూ, అయినా ఆటల్లో, మెట్ల దగ్గర ఆయాసపడుతుంటే ఈ ట్రైనింగ్ గురించి డాక్టర్‌ని అడగడంలో తప్పులేదు. పరిశోధనల్లో పాల్గొన్నవాళ్లు ఎక్కువగా బడి వయసు పిల్లలు, టీనేజర్లు. మౌత్‌పీస్‌ని పెదవులతో గట్టిగా పట్టుకోలేని పసివాళ్లకు ఇది కుదరదు. హైదరాబాద్‌లో నీలోఫర్ పిల్లల ఆస్పత్రి, ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి వంటి చోట్లో, దగ్గర్లోని పిల్లల డాక్టర్ దగ్గరో ముందు ఆస్తమా ఏ స్థాయిలో ఉందో తేల్చుకోవాలి.

తర్వాత ట్రైనింగ్ ఇచ్చే చోట కొన్ని ప్రశ్నలు అడగాలి. గాలి లాగే బలాన్ని మీటర్‌తో కొలుస్తారా? ఎన్ని రోజులకొకసారి మళ్లీ కొలుస్తారు? ఎన్ని వారాలకు ఆపి, పని చేసిందో లేదో ఎలా తేలుస్తారు? దాడి వచ్చిన రోజుల్లో ఏం చేయమంటారు? చివరి ప్రశ్నకు సరైన జవాబు ఒకటే, ఆ రోజుల్లో ట్రైనింగ్ ఆపేయాలి. ఇన్‌హేలర్ మానేయండి, ఇది చాలు అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయడం మంచిది.

పరికరాన్ని ఒకరిది ఒకరు వాడకూడదు. సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. కొత్త స్టెతస్కోప్‌లా పక్కింటి పిల్లలందరి చేతికీ ఇవ్వడం కుదరదు.

దాడి గుర్తులు ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. బిడ్డ పూర్తి వాక్యం మాట్లాడలేకపోవడం, ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోవడం, పెదవులు నీలంగా మారడం, రిలీవర్ కొట్టినా తేలికపడకపోవడం. వీటిలో ఏది కనిపించినా రిలీవర్ ఇస్తూనే 108కి ఫోన్ చేయాలి. పిల్లికూతలు ఒక్కసారిగా ఆగిపోయి బిడ్డ నీరసపడిపోతే అది తగ్గడం కాదు, గాలి అసలు ఆడటం లేదని అర్థం.

శ్వాస కండరాల ట్రైనింగ్ చెడ్డది కాదు, మోసమూ కాదు. దానికి ఉండాల్సిన వరుసలో అది ఉండాలి. ముందు నివారణ ఇన్‌హేలర్, దానితో స్పేసర్, సరైన వాడకం, పొగ లేని ఇల్లు, రాసి పెట్టుకున్న ప్లాన్, పీక్ ఫ్లో మీటర్. ఇవన్నీ కుదిరాక ఆరో ఏడో స్థానంలో ఈ పరికరం వస్తుంది. ఆ స్థానంలో ఉన్నంతకాలం అది బిడ్డను మళ్లీ మైదానంలోకి పంపడానికి సాయపడొచ్చు. మొదటి స్థానంలోకి తెస్తే మాత్రం, ఆయాసం తగ్గిందన్న ధైర్యంతో ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉన్న రాత్రే బిడ్డను ఆస్పత్రికి మోసుకుని పరిగెత్తాల్సి రావచ్చు.